దొరగారి ఆత్మవిశ్వాసం

దొంగలు గోడ దూకినప్పుడు మిర్చి నిల్వల మండలి వారి కాపలా కుక్క దొర కాటా కింద దాక్కుంది. వాళ్లు తాపీగా మూడు టిక్కీలు, అంటే మూడు నిండు బస్తాల మిర్చి, మోసుకుపోయారు. పోతూ పోతూ ఒకడు వంగి దొర తల నిమిరి, "భయపడమాక, మేం పోతన్నాంలే" అని ధైర్యం కూడా చెప్పాడు.

ఈ సంగతి దొంగలే చెప్పారు. ఆటోలో ముగ్గురూ ఆగకుండా తుమ్ముతూ పోతుంటే పోలీసులకు అనుమానం వచ్చి ఆపారు. సరుకు దొరికింది, దొంగలూ దొరికారు. కానీ వాళ్ల వాంగ్మూలంలో ఆ తల నిమిరిన ముక్క ఉంది. పోలీసులు ఆ ముక్క కింద ఎర్ర గీత గీసి మండలికి పంపారు. హైదరాబాదులో ఎండీ గారు అది చదివి, ఇది మండలి పరువుకు సంబంధించిన విషయమని తేల్చారు.

వారం తిరక్కుండానే గుంటూరు పక్కనున్న నాలుగో నంబరు గోడౌనుకు సర్క్యులర్ వచ్చింది. మేనేజరు పానకాలరావు జూనియర్ అసిస్టెంటు మస్తాన్‌రావును గదిలోకి పిలిచి, తలుపు వేసి, గొంతు సవరించుకుని చదివాడు.

"మండలి ఆస్తుల పరిరక్షణలో భాగస్వామియైన శునక సిబ్బందిలో ఆత్మవిశ్వాస లోపము గమనించడమైనది. సదరు లోపమును క్రీడల ద్వారా నివారించవలెను. వార్షిక క్రీడోత్సవమున ఎండీ గారి సమక్షమున సదరు శునకము ఏ ఒక్క పోటీలోనైనను విజయము సాధించిన యెడల ఉద్యోగము ఖాయపరచవలెను. సాధించని యెడల నిరుపయోగ వస్తువుగా పరిగణించి, చిరిగిన టార్పాలిన్లతో కలిపి వేలము వేయవలెను."

మస్తాన్‌రావు సర్క్యులర్ మీదికి వంగాడు. "టార్పాలిన్లతోనా సార్?"

"లాటు ఒకటేనయ్యా. విరిగిన ఫ్యాన్లు కూడా ఉన్నాయి అందులో."

"నేను పాడుకుంటాను సార్ వేలం."

"నువ్వు పాడకూడదు. నీ బంధువులు పాడకూడదు. మండలి ఉద్యోగి అన్నవాడు మండలి వస్తువు కొనకూడదు, నీకు తెలియనిది కాదు." పానకాలరావు కళ్లజోడు తీశాడు. "పాత సామాన్ల కోటిలింగం తప్ప మన వేలానికి వచ్చేదెవరు? వాడొచ్చి చూసి కూడా వెళ్లాడు. తూకం లెక్కనా, తల లెక్కనా అని అడిగాడు."

దొర అసలు ఆ గోడౌనుకు వచ్చిందే టెండరు మీద. మండలి అడిగింది చురుకైన, చూడగానే జడుసుకునే ఆల్సేషియన్ కుక్కను. కంట్రాక్టరు ఆ మూడింటిలో జడుసుకోవడం ఒక్కటి మాత్రం సరఫరా చేశాడు. దొరకు లారీ హారనంటే భయం. గొడుగు తెరిస్తే భయం. పానకాలరావు చెప్పుల చప్పుడంటే మరీ భయం. మస్తాన్‌రావుకు ఆ చివరిది బాగా అర్థమయ్యేది. అతనూ అంతే. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు. పై అధికారి ఎదురుగా నిలబడితే నాలుక పిడచకట్టుకుపోయేది. మధ్యాహ్నం క్యారియర్ విప్పినప్పుడు దొర వచ్చి అతని కాళ్ల మధ్య ముడుచుకుని కూర్చునేది. ఇద్దరూ గేటు వైపు ఒక కన్నేసి ఉంచి పెరుగన్నం తినేవాళ్లు. ఒంటరివాడైన మస్తాన్‌రావుకు ఈ లోకంలో అతన్ని చూసి ధైర్యం తెచ్చుకునే ప్రాణి అదొక్కటే.

"నిన్ను శునక క్రీడాధికారిగా నియమించాను. ఉద్యోగం దరఖాస్తులో 'కబడ్డీ మీద ఆసక్తి' అని రాశావు గదా" అన్నాడు పానకాలరావు.

"చూడటం మీద సార్."

"అది రాయలేదు నువ్వు."

మొదట సలహాదారుడు వచ్చాడు. డాక్టర్ నీలకంఠం వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసాలిస్తాడు. ఆయన జీవితంలో కుక్కను ముట్టుకున్న దాఖలా లేదు. ఉద్యోగుల కోసం తయారుచేసిన స్లైడ్లలో ఉద్యోగి అన్నచోటల్లా కుక్క అని మార్చి తెచ్చాడు.

"కుక్క తన కుటుంబ సమస్యలను ఆఫీసుకు తీసుకురాకూడదు" అని చదివాడు నీలకంఠం, తెర వైపు కర్ర చూపిస్తూ. "కుక్క ప్రతి ఉదయం అద్దంలో చూసుకుని, నేను సాధించగలను అని మూడుసార్లు అనుకోవాలి. కుక్క పదవీ విరమణ తర్వాతి జీవితం గురించి ఇప్పటినుంచే ఆలోచించాలి."

సిబ్బంది అంతా రాసుకున్నారు. గోడౌను ఊడ్చే ఆదెమ్మ గుమ్మంలో నిలబడి, "దానికి పింఛనీ గూడా ఉందా అబ్బాయా? నాకే లేదు" అని మస్తాన్‌రావును అడిగింది.

టీ వచ్చేసరికి అందరూ లేచిపోయారు. ఆఖరి స్లైడు మస్తాన్‌రావు ఒక్కడే చూశాడు. అది నీలకంఠం ఎక్కడినుంచో పొరపాటున ఎత్తుకొచ్చినట్టుంది, దానిలో నిజంగానే కుక్క సంగతి ఉంది. భయపడే కుక్కను తొయ్యవద్దు. చిన్న ఆట పెట్టి పక్కన కూర్చోండి. తనంతట తాను వచ్చేదాకా ఆగండి. వస్తే మెచ్చుకోండి.

నీలకంఠం నివేదిక మాత్రం వేరే దారి పట్టింది. గెలుపు వల్ల ఆత్మవిశ్వాసం పెరుగుతుంది కనుక కుక్క ఎప్పుడూ గెలవాలి. కుక్క గెలవాలంటే ఎవరో ఒకరు ఓడాలి. నాలుగో నంబరు గోడౌనులో వేరే కుక్క లేదు కనుక సిబ్బంది ఓడాలి. రోజూ పొద్దున అటెండెన్సు వేయగానే సిబ్బంది అంతా దొరతో పోటీపడి ఓడిపోవాలని ఎండీ గారు ఆదేశించారు.

మొదటి రోజు పరుగు పందెం పెట్టారు. మేనేజరు ఈల వేశాడు. ఈలకు దొర బెదిరి కాటా కిందికి దూరింది. సిబ్బంది గెలుపు గీత దగ్గర ఆగిపోయి, దొర వచ్చేదాకా వేచి ఉన్నారు. చేతిలో చీపురుతో అటుగా పోతున్న ఆదెమ్మ ఆ సంగతి తెలియక గీత దాటేసింది. సాయంత్రానికి ఆమెకు మెమో వచ్చింది. సహోద్యోగి ఆత్మస్థైర్యాన్ని దెబ్బతీసే రీతిలో ముందుకు నడిచినందుకు సంజాయిషీ ఇవ్వాలని దాని సారాంశం.

మస్తాన్‌రావు చదివి వినిపించాడు. ఆదెమ్మ చీర కొంగు నడుముకు దోపింది.

"ఏం రాయమంటా?"

"తప్పయిపోయిందని రాద్దాం."

"నడిచినందుకా? ఇకనించి దేకతానని రాయి."

అతను అలాగే రాశాడు. జవాబు సంతృప్తికరంగా ఉందని మేనేజరు ఫైలు మూసేశాడు.

రెండో వారంలో కుక్కకు భయం కలిగించే శబ్దాల మీద నిషేధం వచ్చింది. లారీలు హారన్ కొట్టకూడదు. ఫోను మోగకూడదు. ఎవరూ తుమ్మకూడదు. అది మిర్చి గోడౌను. తొడిమలు తీసే ఆడవాళ్ల దగ్గర్నుంచి టిక్కీలు మోసే హమాలీల దాకా ఊపిరి పీల్చినంత సహజంగా తుమ్ముతూ ఉంటారు. తుమ్ము వచ్చినవాడు చెయ్యెత్తి, మేనేజరు దగ్గర చీటీ తీసుకుని, గేటు బయటికి వెళ్లి తుమ్మి రావాలన్నారు. చీటీ రాసేలోపు తుమ్ము ఆగిపోతే, ఆ చీటీ రద్దు చేయించుకోవడానికి మళ్లీ వరసలో నిలబడాలి. గేటు బయట ఎప్పుడు చూసినా పది మంది ముక్కులు పైకెత్తి, ఎండలోకి చూస్తూ నిలబడి ఉండేవారు. దారినపోయేవాళ్లు ఏదో గ్రహణం పడుతోందని ఆగి వాళ్లూ పైకి చూసేవారు.

ఆ తర్వాత దొంగల సంగతి వచ్చింది. దొర దొంగను తరిమి గెలిచినట్టు దానికి అనిపించాలని నీలకంఠం రాశాడు. నకిలీ దొంగ కోసం టెండరు పిలిచారు. పూర్వానుభవం తప్పనిసరి అన్నారు. మొన్న పట్టుబడి బెయిలు మీద వచ్చిన ముగ్గురే దరఖాస్తు పెట్టారు. అందరికన్నా తక్కువ కోట్ చేసినవాడికి పని దక్కింది. వాడు రోజూ టైముకు వచ్చి, గోడ ఎక్కి, దొరను చూసి, "అమ్మో కుక్క" అని దిగిపోయేవాడు. దొర కాటా కింద నుంచి తోక ఊపేది. రోజూ చూసే మనిషి, పైగా మొదటిసారి తల నిమిరినవాడు వాడే.

"ఇది కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టుంది" అన్నాడు పానకాలరావు. అయినా ప్రగతి నివేదికలో సంతృప్తికరం అనే రాశాడు. ఆ మాట రాయని ఏ నివేదికా హైదరాబాదులో ఎవరూ తెరవరు.

ఈ ఆర్భాటమంతా అయిపోయి సాయంత్రం జనం వెళ్లిపోయాక మస్తాన్‌రావు ఖాళీ యార్డులో కూర్చునేవాడు. పాత టార్పాలిన్ ముక్కను రెండు టిక్కీల మీద కప్పి సొరంగంలా చేశాడు. ఆ చివర తను కూర్చుని ఏమీ అనకుండా వేరుశెనగకాయలు ఒలిచేవాడు. చాలా రోజులు దొర మూతి మాత్రం లోపల పెట్టి వెనక్కి లాక్కుంది. ఒక సాయంత్రం గింజ వాసనకో, అతను పిలవకపోవడం నచ్చో, మొత్తం దూరి అవతల తేలింది. తేలి, తను వచ్చిన దారిని తనే వెనక్కి తిరిగి చూసుకుంది. తర్వాత తనంతట తనే ఇంకోసారి దూరింది.

ఆ మీదట వెదురు బొంగు అడ్డం పెడితే దూకింది. బోర్లించిన చెక్కపెట్టె మీదికి ఎక్కడం నేర్చింది. మస్తాన్‌రావు చప్పట్లు కొడుతూ ఉంటే చుట్టూ తిరిగేది, చప్పట్లు ఆగగానే పెట్టె ఎక్కి కూర్చునేది. ఆ ఆట దానికి మహా ఇష్టమైపోయింది. కొన్నాళ్లకు అతను దానితో మాట్లాడటం కూడా మొదలుపెట్టాడు. మొదట్లో గొణిగేవాడు. తర్వాత యార్డు అవతలికి వినపడేట్టు పిలిచేవాడు.

క్రీడోత్సవం రోజు రానే వచ్చింది. యార్డులో షామియానా వేశారు, బ్యాండు మేళం పెట్టారు. ఎండీ గారు తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లతో కారు దిగారు. గేటు పక్కన కోటిలింగం తాడు, గోనెసంచి, త్రాసు పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు.

"పొద్దున్నే వచ్చావేం?" అన్నాడు మస్తాన్‌రావు.

"ఎండెక్కితే బరువు తగ్గిద్దని" అన్నాడు కోటిలింగం.

పరుగు పందెంలో దొరను ముందుండనివ్వాలని సిబ్బంది అంతా కాళ్లీడ్చారు. అందరూ అంత నెమ్మదిగా, తలలు వంచుకుని నడుస్తుంటే దొర దాన్ని శవయాత్ర అనుకుందో ఏమో, మర్యాదగా వెనకే నడిచింది. గీత దగ్గరకొచ్చాక ఎవరూ దాటలేదు. అకౌంటెంటు బూటు లేసు కట్టుకుంటూ కూర్చున్నాడు, మిగిలినవాళ్లు అతనికి సాయం చేస్తూ కూర్చున్నారు. చివరికి పందెం వాయిదా వేశారు. నిమ్మకాయ చెంచా పోటీలో దొర చెంచాను పట్టుకుంది గానీ నిమ్మకాయ వాసనకు వదిలేసింది. గోనెసంచి పరుగులో సంచి చూడగానే కోటిలింగం వైపు చూసి మస్తాన్‌రావు చాటుకు వచ్చింది. ఆ పోటీ నుంచి అతనే తప్పించాడు.

ఇక మిగిలింది కుర్చీలాట ఒక్కటే.

కుర్చీలాట ఎండీ గారిది. ఆయన మండలికి వచ్చిన ఏడాది నుంచీ గెలుస్తున్నారు. పాట ఆగగానే పక్కవాళ్లకు కాలు బెణకడమో, ఉన్నట్టుండి దాహం వేయడమో జరిగి కుర్చీ ఆయనకు మిగలడం మండలి సంప్రదాయం. ఎండీ గారికి మాత్రం అది తన చురుకుదనం అనే నమ్మకం. "మన శునక మిత్రుడికి కూడా అవకాశం ఇద్దాం" అని మైకులో ప్రకటించి, ఆయనే ముందుగా వచ్చి వరసలో నిలబడ్డారు.

పానకాలరావు మస్తాన్‌రావును షామియానా గుంజ వెనక్కి లాగాడు. మొహాన చెమట.

"కుక్క గెలవాలని సర్క్యులర్. అవునా?"

"అవును సార్."

"ఆయన గెలవాలని ఆచారం. సర్క్యులర్ మీద సంతకం ఎవరిది?"

"ఆయనదే సార్."

"నేను రుమాలు దించితే బ్యాండు ఆగుతుంది. ఎప్పుడు దించమంటావు?"

మస్తాన్‌రావు కోటిలింగం చేతిలో తాడు చూస్తున్నాడు.

మొదటి ఆటకే సిబ్బంది అంతా ఒక్కసారిగా ఓడిపోయారు. ఇద్దరు కళ్లు తిరిగి పడ్డారు. ముగ్గురు ఆట మధ్యలో నమస్కారం పెట్టి ఇంటికి వెళ్లారు. బరిలో ఒక కుర్చీ, దాని చుట్టూ ఎండీ గారు, ఎండీ గారి వెనక దొర మిగిలారు.

బ్యాండు మొదలైంది. పానకాలరావు రుమాలు పైకెత్తాడు. ఎండీ గారు కుర్చీ ముందుకొచ్చినప్పుడు దించబోయి, సర్క్యులర్ గుర్తొచ్చి ఆగాడు. దొర ముందుకొచ్చినప్పుడు దించబోయి, తన ప్రమోషన్ గుర్తొచ్చి ఆగాడు. పాట అయిపోయింది, రెండో పాట ఎత్తుకున్నారు, అదీ అయిపోయింది. ఎండీ గారు రొప్పుతున్నారు. చుట్టూ తిరుగుతున్న దొర మాత్రం తోక నిటారుగా పెట్టింది. ఇది తనకు తెలిసిన ఆట. పెద్ద చప్పుడు, చుట్టూ తిరగడం, మధ్యలో ఎక్కి కూర్చునే వస్తువు. గుంజ పక్కన మస్తాన్‌రావు కనపడుతూనే ఉన్నాడు.

రుమాలు దిగలేదు. క్లారినెట్ ఊదేవాడికి ఊపిరి చాలక దగ్గొచ్చింది. వాడు ఆగాడు. వాడు ఆగితే డోలు ఆగింది.

నిశ్శబ్దం.

దొర ఒక్క గెంతులో కుర్చీ ఎక్కి కూర్చుంది. ఎండీ గారు కుర్చీ ఖాళీగా ఉంటుందన్న ధీమా కొద్దీ వెనక్కి చూడకుండా కూర్చోబోయారు. దొర పారిపోలేదు, కరవనూ లేదు. ఆయన చెవి దగ్గర మూతి పెట్టి, పుట్టిన దగ్గర్నుంచి ఎన్నడూ చేయని పని చేసింది. మొరిగింది.

ఎండీ గారు నిలువునా ఎగిరి మట్టిలో పడ్డారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ నవ్వలేదు. ఆదెమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

ఆయన లేచారు. తెల్ల ప్యాంటు తెల్లగా లేదు. "ఈ కుక్కను ఇవాళే వేలం వెయ్యండి" అన్నారు, గొంతు పెంచకుండా.

"అలాగే సార్" అన్నాడు పానకాలరావు, దొర గెలిచిన సంగతి ఎత్తకుండా. కోటిలింగం తాడు విప్పుకుంటూ లేచాడు.

మస్తాన్‌రావు నాలుక ఎప్పటిలాగే పిడచకట్టుకుపోయింది. దొర కుర్చీ మీద నుంచి అతని వైపే చూస్తోంది, మెచ్చుకుంటాడని.

"సార్" అన్నాడు మస్తాన్‌రావు. అది యార్డు అవతలికి వినపడింది. అంత గట్టిగా వస్తుందని అతనూ అనుకోలేదు. "వేలం వేస్తే దొర తప్పించుకుంటాడు సార్."

ఎండీ గారు తిరిగారు. "ఎవరు నువ్వు?"

"శునక క్రీడాధికారిని సార్. పై అధికారిని కింద పడేశాడు. శిక్ష పడాలి గదా. కోటిలింగంతో పంపేస్తే హాయిగా వెళ్లిపోతాడు. రికార్డులో మచ్చ కూడా ఉండదు."

పానకాలరావు అతని కాలు తొక్కాడు. మస్తాన్‌రావు కాలు తీసుకుని అవతల పెట్టుకున్నాడు.

"సర్క్యులర్లో శునక సిబ్బంది అన్నారు సార్. సిబ్బందికి పద్ధతి ఉంది. ముందు సస్పెండు చెయ్యాలి. సస్పెన్షన్లో సగం తిండే. హెడ్‌క్వార్టర్ దాటి పోకూడదు. తర్వాత అభియోగాలు, విచారణ, సాక్షులు. అది పూర్తయ్యాకే ఏదైనా."

ఎండీ గారు ప్యాంటుకు అంటిన మట్టి దులుపుకుంటూ ఆలోచించారు. సగం తిండి అన్నచోట ఆయన మొహం కొంచెం తేటపడింది. విచారణ అన్నచోట పూర్తిగా వెలిగింది.

"సస్పెండు చెయ్యండి" అన్నారు.

ఆర్డరు అక్కడికక్కడే టైపయింది. పై అధికారి కూర్చోదలచిన కుర్చీలో కూర్చుండుట. పై అధికారి చెవిలో మొరుగుట. మంజూరు చేసిన పరిమితిని మించి ఆత్మవిశ్వాసము కలిగి ఉండుట.

"మరి నా సరుకో?" అన్నాడు కోటిలింగం.

"విచారణ అయ్యాక రా" అన్నాడు పానకాలరావు.

కోటిలింగం మండలితో చాలా ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నవాడు. తాడు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. "అయితే నా మనవణ్ణి పంపుతాలెండి. వాడింకా పుట్టలా" అని గేటు దాటాడు.

విచారణాధికారి వర్షాకాలంలో వచ్చాడు. బల్లకు అటు ఆయన, ఇటు దొర, దొర పక్కన ముద్దాయి తరఫు సహాయకుడిగా మస్తాన్‌రావు కూర్చున్నారు. విచారణాధికారి మూడు అభియోగాలూ ఇంగ్లీషులో గంభీరంగా చదివి, "ముద్దాయి ఒప్పుకుంటున్నదా, లేదా?" అని అడిగాడు. దొర ఆవలించింది.

"ఒక అభ్యంతరం సార్" అని మస్తాన్‌రావు లేచాడు. "అభియోగ పత్రం ఇంగ్లీషులో ఉంది. ముద్దాయికి ఇంగ్లీషు రాదు."

విచారణాధికారి కలానికి మూత పెట్టాడు. "న్యాయమైన అభ్యంతరమే. అనువాద విభాగానికి పంపుదాం. అక్కడ ఎవరున్నారిప్పుడు?"

"పోస్టు ఖాళీగా ఉంది సార్."

"భర్తీ కాగానే పంపుదాం. అప్పటిదాకా యథాస్థితి." ఆయన ఫైలు కట్టేసి, దొర తల నిమిరి, బస్సుకు వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం గోడౌను వెనక తన గది ముందు మస్తాన్‌రావు క్యారియర్ విప్పాడు. మండలి లెక్కలో దొరకు సగం తిండే కనుక మిగతా సగం తన గిన్నెలోంచి పెట్టాడు. పెరుగన్నం ఇద్దరూ గేటు వైపు చూడకుండా తిన్నారు. ఉద్యోగంలో చేరిన ఇన్నాళ్లకు మొదటిసారి మస్తాన్‌రావుకు మండలి పనితీరు మీద సంపూర్ణ విశ్వాసం కలిగింది.